జైలు గేటు దాటిన తరువాత



హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) నిర్దోషి అయివుండి ఏళ్ల తరబడి చెరసాలలో గడిపారు. రాజు పిలిపించినప్పుడు వెంటనే బయటికి రాలేదు. ముందు తనపై పడిన నింద సంగతి తేల్చమన్నారు. మచ్చ తొలగనిదే విడుదల పూర్తికాదు. తరువాత ధాన్యాగారాల బాధ్యతే ఆయన చేతికి వచ్చింది.

మరి దోషి సంగతేమిటని అడుగుతారు. మద్యం సేవించి శిక్ష అనుభవించిన వ్యక్తిని కొందరు శపించగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. అది సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు తోడ్పడటమేనన్నారు. శిక్ష ముగిసిన చోట మన నోరు కూడా ఆగాలి.

మన మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఇంజినీరుకే కాదు, గార్డుకూ డ్రైవరుకూ పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. దాన్ని మేము తప్పుపట్టము. రాత్రి షిఫ్టు ముగించుకొని స్త్రీలు క్యాబుల్లో ఇళ్ళకు చేరే చోట జాగ్రత్త తప్పదు. అయితే కేసు పేరు కనబడగానే దరఖాస్తు పక్కన పెట్టడం జాగ్రత్త కాదు, బద్ధకం. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి నిజం దాచరాదని చెబుతూనే, స్వల్ప నేరాల విషయంలో యజమాని విచక్షణ చూపవచ్చని తెలిపింది. నియమించి తీరాలని మాత్రం ఆదేశించలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద విడుదలైనవారికి ఆ శిక్ష కారణంగా చట్టపరమైన అనర్హత అంటదు.

ప్రభుత్వం అసలేమీ చేయడం లేదనడం అన్యాయం. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైన ఖైదీలకూ పని దొరికింది. 2023 నాటి కేంద్ర పథకం ప్రకారం, బెయిలు సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీకి సాయం అందుతుంది, జరిమానా కట్టలేని శిక్షితునికి 25,000 రూపాయల వరకు అందుతుంది. ఇది తెలియక లోపలే ఉండిపోయే వారికి చెప్పవలసింది మనమే. వకీలు ఖర్చులకు అప్పులపాలైన కుటుంబాలూ ఉన్నాయి. రుణగ్రస్తులు జకాత్ హక్కుదారులన్నది మీకు తెలిసిన విషయమే.

ఒక మాట దాచలేము. కొన్నేళ్ల క్రితం శిక్ష ముగించుకొని వచ్చిన ఒక యువకుడు మస్జిద్ ఊడ్చే పనైనా ఇవ్వమన్నాడు. కమిటీ జంకింది. మేమూ మౌనంగా ఉండిపోయాము. అతడు మళ్ళీ రాలేదు.

ఈ రోజు నమాజు తరువాత, మనుషులను పనిలో పెట్టుకొనే అధికారం ఉన్నవారు పది నిమిషాలు ఆగండి.