ముడుమాల నిలువురాళ్లు

కృష్ణానది కర్ణాటకమును విడిచి తంగడి కడ తెలంగాణమున నడుగిడును. ఆ పరిసరములలోనే, నది యుత్తరపు గట్టున, నారాయణపేట జిల్లాలోని కృష్ణా మండలమున ముడుమాల యను గ్రామము కలదు. 2019లో నారాయణపేట వేరు జిల్లా యగువరకు ఇది మహబూబునగరు జిల్లాలోనిది. నది కావలి యొడ్డు రాయచూరు సీమ. ఈ గ్రామమునకు వెలుపల, చేల నడుమ, సుమారు 80 ఎకరముల మేర రాళ్లు నిలిచియున్నవి. ఇవి కొండ విరిగి దొర్లిన రాళ్లు కావు. మనుష్యులు మోసికొని వచ్చి, గుంత త్రవ్వి, నిలువున నాటిన రాళ్లు. వానిలో పెద్దవి ఎనుబది వరకు నున్నవి; ఒక్కొక్కటి 10 మొదలు 14 అడుగుల యెత్తు. వాని చుట్టును అడుగు, రెండడుగులకు మించని చిన్నరాళ్లు వేలకొలదిగా నున్నవి. పరిశోధకులు వీని సంఖ్యను సుమారు 3000 అని లెక్కించిరి. చిన్నరాళ్లు పెక్కుచోట్ల వరుసలు తీరియున్నవి. ఎవరు నిలిపిరి? ఎందులకు నిలిపిరి? ఎప్పుడు నిలిపిరి? ఈ మూడు ప్రశ్నలలో ఒక్కదానికైనను అందరు నంగీకరించు సమాధానము నేటికిని లేదు.

గ్రామస్థులు వీనిని నిలువురాళ్లనియే యందురు. శాపము తగిలి రాళ్లయిన మనుష్యులే యివి యని వారిలో నొక కథ కలదు. పెద్దరాళ్లలో నొకదానిని ఎల్లమ్మగా పూజించుచున్నారు. శాపకథ మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరమున కార్నాక్ కడ నున్న రాతివరుసలను, ఒక సాధువును తరుముకొని వచ్చి శిలలైన రోమను సైనికులని యచ్చటి ప్రజలు చెప్పుకొందురు. ఇంగ్లండులో కార్న్‌వాల్ నందలి యొక శిలావలయమును, ఆదివారమునాడు నాట్యమాడి రాళ్లయిన కన్యలందురు. నిలువున నాటిన రాయి ఏ దేశమువానికైనను మనిషివలె నగుపడుటలో వింత లేదు. ఎల్లమ్మ పూజ మాత్రము వేరు సంగతి. ఊరి నడుమ బొడ్రాయిని నిలిపి, ఏటేట నీళ్లు పోసి, పసుపు కుంకుమలు పెట్టు తెలుగు పల్లెకు, పొలములో ముందే నిలిచియున్న రాయి దేవత యగుటకు గొప్ప కారణ మక్కరలేదు. కావున నేటి పూజనుబట్టి నాటి ప్రయోజనమును నిర్ణయింపజాలము. రాతిని నిలిపినవారికిని, దానికి పసుపు పూసినవారికిని నడుమ ఎన్ని తరములు తెగిపోయినవో, ఎన్ని కలిసిపోయినవో చెప్పుట కష్టము.

పురాతత్త్వజ్ఞులు ఇట్టి రాతిని మెన్‌హిర్ అందురు. అది బ్రెటన్ భాషాపదము. పొడవైన రాయి యని యర్థము. మన నిలువురాయి అను మాట దానికంటె తక్కువదేమియు కాదు. దక్షిణదేశమున బృహచ్ఛిలా నిర్మాణములు పలు తెరగులు: రాతిపలకలతో గదివలె కట్టి పైన కప్పు వేసినవి, నేలలో పూడ్చిన రాతిపెట్టెలు, గుట్టగా పోసిన రాళ్లు, వాని చుట్టు వలయములు. తెలుగునాట వీనిని రాకాసిగుళ్లనియు, పాండవుల గుళ్లనియు వాడుదురు. 1949లో వి. డి. కృష్ణస్వామి ‘ఏన్షెంట్ ఇండియా’ పత్రికలో ఈ తెరగుల కన్నిటికి పేళ్లు స్థిరపరచెను. ఇందు పెక్కింటిని త్రవ్వినపుడు ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు లభించును. అవి సమాధులని సంశయములేక చెప్పవచ్చును. నిలువురాతి విషయమున ఆ సౌలభ్యము లేదు. కొన్నిచోట్ల అది సమాధికి గురుతుగా ప్రక్కన నున్నది. కొన్నిచోట్ల ఒంటిగా నున్నది. ముడుమాలయందువలె కొన్నిచోట్ల గుంపులుగా, వరుసలుగా నున్నది. చిక్కంతయు ఈ మూడవ తెరగు తోనే.

ఈ సీమలోని రాళ్లను మొదట శ్రద్ధగా చూచినవాడు మెడోస్ టెయిలర్. ‘ఒక థగ్గు స్వవృత్తాంతము’ అను నవలను 1839లో వ్రాసి పేరుపొందిన యా టెయిలరే. అతడు 1841 మొదలు సురపుర సంస్థానమున బ్రిటిషు ప్రతినిధిగా నుండి, తీరిక దొరకినపుడెల్ల సమాధులను త్రవ్వి, కొలతలు వ్రాసికొని, పటములు గీచెను. నేటి యాదగిరి జిల్లాలోని విభూతిహళ్లి రాతివరుసలను గురించియు వ్రాసెను. అచ్చటివి గుండురాళ్లు, మూలమట్టముగా, చదరపు టమరికతో పరచినవి. అతని పని మెచ్చదగినదే. కాని 1860 దశకమున ప్రకటితమైన యతని వ్యాసపు శీర్షికలోనే యీ కట్టడములు ‘కెల్టిక్, డ్రూయిడ్, లేక సిథియన్’ నిర్మాణములని యున్నది. తమ దేశమున చూచిన రాళ్లవంటి రాళ్లు దక్కనులో కనబడగా, తమ పూర్వులో, వారి జ్ఞాతులో ఇచ్చటికి వచ్చి యుందురని ఆ కాలపు పండితులు తలచిరి. పోలిక కనబడినచోట నెల్ల వలస జరిగెననుకొనుట ఆ శతాబ్దపు పెద్ద పొరపాటు. కార్నాక్ రాతివరుసలు మన రాళ్లకంటె రెండువేల యేండ్లకు పైగా ప్రాచీనములని నేడు తెలియును. వానికిని వీనికిని సంబంధము నిరూపించు వస్తు వొక్కటియు నడుమనున్న దేశములలో దొరకలేదు.

1956లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అను ఆంగ్ల విద్వాంసుడు ‘మాన్’ పత్రికలో దక్షిణ హైదరాబాదు రాతివరుసలపై నొక వ్యాసము ప్రకటించెను. రాయచూరు, మహబూబునగరు ప్రాంతముల వరుసలను వరుసలుగా పరిశీలించిన ప్రథమ రచన అదియే యనవచ్చును. మరుసటి యేట నాతడు మహబూబునగరు జిల్లాలోనే ఉట్నూరు కడ బూడిదదిబ్బను త్రవ్వెను. ప్రజలు రాక్షసుల చితాభస్మమని చెప్పుకొను నా దిబ్బలు, నవీనశిలాయుగపు పశుపాలకుల మందల దొడ్లలో పేడ పేరుకొని, పలుమార్లు కాల్చబడుటచే నేర్పడినవని యాతడు నిరూపించెను. దొడ్డి చుట్టు నాటిన గుంజల గుంతలును, పశువుల గిట్టల ముద్రలును అందు బయటపడినవి. ఆ దొడ్ల కాలము క్రీ. పూ. మూడవ సహస్రాబ్ది. ముడుమాల ప్రశ్నకు ఉట్నూరు చాల ముఖ్యము. రాళ్లు నిలిపినవారు ఎచ్చటనుండియో వచ్చిరని యూహించుటకు ముందు, ఈ సీమలో వారికి వేయి యేండ్లకు పూర్వమే గుంజలను వరుసగా పాతుటయు, పెద్దపనికి పలువురు కూడుటయు నెరిగిన జనులుండిరని గుర్తుంచుకొనవలెను. గుంజనుండి రాతికి ఒక యడుగే దూరమని నేను వాదింపను. ఆ దూరమును దాటించుటకు సముద్రముమీదినుండి జనులను రప్పింప నవసరములేదని మాత్రము చెప్పుదును.

కాలనిర్ణయమునకు వత్తము. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరిని త్రవ్వి, బృహచ్ఛిలా సంస్కృతిని క్రీ. పూ. 200 ప్రాంతమునకు తెచ్చిపెట్టెను. 1965లో నాగరాజరావు హళ్లూరున జరిపిన త్రవ్వకముల బొగ్గు, ఇనుము క్రీ. పూ. 1000 నాటికే యిచ్చట నుండెనని చూపగా, వీలరు లెక్క నిలువలేదు. సామాన్యముగా దక్షిణదేశపు టినుపయుగమును క్రీ. పూ. 1200 – 300 నడుమ నుంచుట వాడుక. ముడుమాల రాళ్లకు మాత్రము 3500 మొదలు 4000 సంవత్సరముల వయస్సని యిటీవల చెప్పుచున్నారు. రెండు లెక్కలకు నడుమ వ్యత్యాసము చిన్నది కాదు. రాయి పుట్టిన కాలము భూగర్భశాస్త్రజ్ఞు డెరుగును. రాయి నిలిచిన కాలము రాతిలో లేదు. అది రాతి క్రింది గుంతలో నున్నది. గుంతలో పడిన బొగ్గుతునకను కర్బన పరీక్షకు పంపవచ్చును. రాయి నిలిపిననాడు చివరిసారిగా వెలుగు చూచి, పిదప చీకటిలో కప్పబడిన యిసుకరేణువును ప్రకాశదీప్తి పద్ధతిచే పరీక్షింపవచ్చును. ఈ రెండును లేక, పోలికలనుబట్టియు, ఆకాశమునుబట్టియు వయస్సు చెప్పుట ఊహయే.

ఆకాశపు మాట వచ్చినది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె. పి. రావు చాలకాలము ముడుమాలను పరిశీలించి, ఇది నక్షత్రశాల యని ప్రతిపాదించెను. ఉత్తరాయణ దక్షిణాయన దినములందు సూర్యుడు ఉదయించు, అస్తమించు దిక్కులను కొన్ని వరుసలు చూపునని యాయన యభిప్రాయము. ఏటవాలుగా నున్న యొక బండపై సుమారు 30 చిన్న గుంతలు తొలిచియున్నవి. వానియందు సప్తర్షిమండలపు టాకృతి కనబడును. ఇది ముడుమాలలో అన్నిటికంటె ఆశ్చర్యకరమగు వస్తువు.

ఇందు రెండు విషయములు వేరుచేయవలెను. ముడుమాల 16, 17 అక్షాంశముల నడుమ నున్నది. అచ్చట కర్కాటక సంక్రమణపు సూర్యోదయము తూర్పునకు ఉత్తరముగా సుమారు 24½ అంశల కడ జరుగును. మూడువేల యేండ్ల క్రిందట అది 25 అంశలకు కొంచెము తక్కువ. వ్యత్యాసము సూర్యబింబపు వెడల్పుకంటె తక్కువ. కావున సూర్యునిబట్టి వరుసల యుద్దేశము తెలియవచ్చునేమో గాని, వాని కాలము తెలియదు. మరియు, 80 రాళ్లను రెండేసిగా జతపరచిన 3160 జతలగును. ప్రతిజతయు నొక దిక్కును చూపును. అన్ని గీతలలో కొన్ని సూర్యోదయమునకు యాదృచ్ఛికముగా సరిపోక తప్పదు. అందుచేత పెద్దరాళ్ల జతలకంటె, చిన్నరాళ్ల వరుసలు ఒకే దిక్కున మరల మరల సాగుచున్నవా యనునదియే బలమైన సాక్ష్యము. నది, గట్టు, నేల వాలు కూడ వరుసలకు దిక్కు నేర్పరుపగలవని మరువరాదు.

సప్తర్షుల బండ సంగతి వేరు. ఆ యాకృతి యాదృచ్ఛికమనుట నాకును కష్టముగనే యున్నది. ఐతే సప్తర్షులలో మొదటి రెండు చుక్కలను కలిపిన గీత ధ్రువనక్షత్రమును చూపునని నేడు బడిపిల్లలకు నేర్పు పాఠమును మూడువేల యేండ్ల వెనుకకు పంపరాదు. భూమి యిరుసు సుమారు 26,000 సంవత్సరముల కొకసారి చుట్టు తిరుగుటచే, క్రీ. పూ. 1000లో నేటి ధ్రువనక్షత్రము ధ్రువస్థానమునకు సుమారు 17 అంశల దూరమున నుండెను. ఆ బండను తొలిచినవారికి సప్తర్షులు దిక్సూచియో, ఋతుసూచియో, పితృదేవతలో, మరేమో. చుక్కలను వారు చూచిరని బండ చెప్పును. ఎందులకు చూచిరో చెప్పదు.

నక్షత్రశాల వాదమునకు ఎదుట నిలుచునది మృతుల వాదము. కొరాపుట్ కొండలలోని గదబలు ‘గోతర్’ అను నుత్సవమున చనిపోయినవారి పేర దున్నలను బలియిచ్చి రాళ్లను నిలుపుదురు. 1943లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ దీనిని విపులముగా వర్ణించెను. వారి ఊరి నడుమ రచ్చబండయు అట్టి రాళ్లదే. మృతుల రాళ్లపై పెద్దలు కూర్చుండి తగవులు తీర్చుదురు. సాహిత్యమున నిట్టి సాక్ష్యము తమిళులకు కలదు. రాతిని చూచి యెన్నుట, నీట ముంచుట, నాటుట, నైవేద్య మిడుట, కొనియాడుట అని వీరశిలా ప్రతిష్ఠ క్రమమును తొల్కాప్పియము పేర్కొనును. 2006లో తేని జిల్లా పులిమాన్‌కొంబై కడ దొరకిన వ్రాతరాళ్లు తమిళ బ్రాహ్మీలిపితో, చూపునకు నిలువురాళ్లవలెనే యున్నవి. అవి క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దములవి. నిలువురాతికి అక్షరము చేరినపుడు అది వీరగల్లైనదని దీనివలన తెలియుచున్నది.

అట్లని మృతులున్నచోట నెల్ల రాళ్లు నిలువవు. పుదుచ్చేరి పట్టణపు పడమటి యంచున, మేట్టుపాళయము చేరువలోని ముత్తిరపాళెము కడను, సుత్తుకేణి కడను ఫ్రెంచి పురాతత్త్వజ్ఞుడు జాన్ మరీ కజాల్ ఇదే యుగపు సమాధులను త్రవ్వి, 1956లో గ్రంథము ప్రకటించెను. ముత్తిరపాళెమున మృతుల యెముకలు నేలలో పూడ్చిన పెద్దకాగులలో నున్నవి. పైన నిలువురాయి లేదు. ‘మేడు’ అను తమిళపదము, మన ‘మెట్ట’యు నొకటే, వరి పండని మెట్టనేల మృతులకు విడుచుట ఆ కాలపు వాడుక. పుఱనానూఱు పాటలలోని మృతుల కాగులు వీనికి సోదరములు. ఇనుము, నలుపు ఎరుపు కుండ రెండుచోట్లను ఒకటే, గురుతు వేరు. కృష్ణాతీరమున బండ సులభముగా దొరకును, సముద్రతీరమున దొరకదనుట కొంత కారణము. మొత్తము కారణము కాదు.

కావున ఒకే జాతి, ఒకే భాష, ఒకే వలస యనువారి మాట నాకు రుచింపదు. ద్రావిడభాషలను ఇనుముతోపాటు ఈ జనులే దక్షిణమునకు తెచ్చిరని హైమెన్‌డార్ఫ్ తలచెను. ద్రావిడభాషలు ఇచ్చట అంతకు పూర్వమే యుండెనని పెక్కుమంది భాషావేత్తల యభిప్రాయము. రాయి యే భాషయు మాటలాడదు.

2025 మార్చిలో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ముడుమాల చేరినది. ఆ పర్యాయము మన దేశమునుండి చేరిన ఆరు స్థలములలో నిది యొకటి. తాత్కాలిక జాబితాలో కనీస మొక సంవత్సర మున్న పిదపనే తుది ప్రతిపాదన పంపుటకు వీలుండును. కార్నాక్ అదే యేడు జూలైలో తుది జాబితా కెక్కినది. అందరి దృష్టియు 14 అడుగుల రాళ్లపై పడినది. సంతోషమే. కాని వాదములన్నిటికి మూలమైనవి చిన్నరాళ్లు. సేద్యపు నేల నడుమ నున్న అడుగెత్తు రాయి నాగలికి అడ్డము. దానిని పెల్లగించి గట్టున వేయుటకు ఇద్దరు మనుష్యులు చాలుదురు. రాయి గట్టు చేరిన పిదప దాని గుంత తరువాతి దుక్కిలోనే పూడిపోవును, వరుసయు, దానితోపాటు గుంతలోని బొగ్గు, ఇసుకయు కలిసిపోవును. కావున త్రవ్వకమునకంటె ముందు చేయవలసిన పని, ఉన్న మూడువేల చిన్నరాళ్లను ఒక్కొక్కటిగా కొలిచి, సంఖ్య వేసి, పటమున కెక్కించుట. ఆ తరువాత పడిపోవ సిద్ధముగా నున్న ఒకటి రెండు పెద్దరాళ్ల మొదలు తెరచి, అడుగున నేమున్నదో చూచుట.