పొదిగింపునకు ముందే చెడిపోవు గ్రుడ్లు

నాటుకోడి గ్రుడ్లను పొదిగించుటను గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు నేడు మనవి చేసికొందును. వికారాబాదు జిల్లాలోని బంట్వారమును, దాని చుట్టుప్రక్కల పల్లెలను మనస్సునం దుంచుకొని చెప్పుచున్నాను. కంది, జొన్న చేలు వానకై యెదురుచూచు నీ ప్రాంతమున, పంట చేతికి రాని దినములలో ఇల్లాలికి ఉప్పు పప్పులకు అక్కరకు వచ్చునది కోళ్ల పైకమే. కావున 12 గ్రుడ్లు పెట్టిన గంపలో 5 పిల్లలే లేచినచో అది చిన్న నష్టము కాదు.

అట్టి సమయమున మనము పెట్టను నిందింతుము. "ఇది సరిగా పొదుగలేదు" అని దాని నమ్మివేయుదుము. నిజమునకు పెక్కు గ్రుడ్లు పెట్ట కూర్చుండుటకు పూర్వమే చెడియుండును. లెక్క చూడుడు. పెట్ట దినము విడిచి దినము గ్రుడ్డు పెట్టిన దనుకొందము. 12వ గ్రుడ్డు పెట్టునాటికి మొదటి గ్రుడ్డునకు 22 దినములు నిండును. వారము దాటినకొలది గ్రుడ్డునకు పిల్ల లేచు శక్తి తగ్గును. వేసవిలో మరింత త్వరగా తగ్గును. ఏలయన, సుమారు 21 డిగ్రీలు దాటిన వేడిలో లోని జీవము కొద్దికొద్దిగా పెరుగ నారంభించి, తల్లికోడి యిచ్చునంత నిలుకడయైన వేడి లేక నశించును.

దీనికి ఉపాయము సులభము. ముందు పెట్టిన గ్రుడ్లను తినుడు, లేదా అమ్ముడు. కడపటి వారపు గ్రుడ్లను పొదుగుటకు ఉంచుడు. అవి చాలనిచో పుంజు గల పొరుగిండ్ల నుండి ఆ వారమున పెట్టినవానినే తెచ్చి కలుపుడు. పెట్ట తావు మార్చకుండునట్లు బొగ్గుతో గుర్తు పెట్టిన గ్రుడ్డు నొకదానిని గంపలో విడువుడు. తక్కినవానిని నీడపట్టున, తడి యిసుకలో సగము పాతిన మట్టికుండలో పొడి ఊక పరచి, సన్నని కొన క్రిందికి వచ్చునట్లు నిలుపుడు. గ్రుడ్లను కడుగరాదు. పెంకునకు కంటి కగపడని రంధ్రము లున్నవి. పైపొర పోయినచో మలినము లోనికి చొచ్చును.

ఇక పుంజు మాట. జాతరకు బలిసిన పుంజును కోసి, బక్కదానిని మందకు మిగుల్చుట మనలో కలదు. విత్తనపు గింజను తిని తాలును చల్లినట్లే యిది. 8, 10 పెట్టలకు మేలైన పుంజు నొకదానిని విడువుడు. ఏటేట పొరుగూరి పుంజుతో మార్చుకొనుడు. తోబుట్టువుల కలయికచే గ్రుడ్లు పిల్లలగుట తగ్గును.

సాయంకాలమున పెట్టను 10, 12 గ్రుడ్లపై కూర్చుండబెట్టి, దగ్గరలోనే గింజలు, నీరు ఉంచుడు. 7వ నాటి రాత్రి చీకటిలో గ్రుడ్డు వెనుక బ్యాటరీ దీపము పట్టి చూడుడు. సాలెగూడువలె ఎఱ్ఱని నరములు కనుపించిన అది సజీవము. స్వచ్ఛముగా నున్నది వట్టిది, దానిని తీసివేయుడు. 21వ నాటికి పిల్లలు లేచును.

హైదరాబాదు చెంత రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థవారు వనరాజ, గ్రామప్రియ యను జాతులను పెరటి పెంపకమునకై రూపొందించినారు. నాటుపెట్ట ఏటికి 50, 60 గ్రుడ్లు పెట్టుచుండ, గ్రామప్రియ అంతకు మూడు రెట్లకు పైగా పెట్టును. కాని అవి పొదుగుట అరుదు. పిల్లలను ఎప్పటికప్పుడు కొని తెచ్చుకొనవలెను. పొదిగి, పిల్లలను రెక్కల క్రింద కాచి, గ్రద్ద నెదిరించు తల్లితనము మన నాటుపెట్టది. గ్రుడ్ల దోషమునకు మంచి తల్లిని అమ్ముకొన్న యింట, మరుసటి యేడు పిల్లకై సంతకు పోక తప్పదు.

కావున పెట్టపై తీర్పు చెప్పుటకు ముందు ఒక్క పని చేయింపుడు. ఇకమీదట ప్రతి గ్రుడ్డుపై పెట్టిన తేదిని బొగ్గుతో వ్రాయింపుడు. పిల్ల లేవని గ్రుడ్లపై నున్న ఆ తేదులే తప్పెవరిదో చెప్పును.