కాపలా కుక్కకు ఆపరేషన్... చేయించాలా, వద్దా?

"అమ్మా, మళ్ల ఎదకొచ్చిందమ్మా! రాత్రంత గేటు ముంగట పది కుక్కలు. కండ్లు మూసుడు లేదు. పోయినసారి ఆరు పిల్లల్ని పెట్టింది. రెండు లారీల కింద పడ్డయి, రెండు రోగమొచ్చి పోయినయి. మిగిలినవాటికి నా పిల్లల పాలల్లకెల్లి పోసి సాకిన. ఈసారి నాతోని కాదు."

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ చిన్న షెడ్డు వాచ్‌మన్ భార్య యజమానురాలి దగ్గర వెళ్లబోసుకున్న గోడు ఇది. "పోనీ ఆపరేషన్ చేయిద్దామండీ" అని ఆవిడ భర్తతో అంటే, "చేయిస్తే ఇంకేం కాపలా కాస్తుంది? తిని పడుకుంటుంది" అని ఆయన కొట్టిపారేశారు.

పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు, సంగారెడ్డి... ఎక్కడ చూసినా షెడ్లు, గోడౌన్లు, స్క్రాపు యార్డులు. రాత్రిపూట వాటికి కుక్క కూడా ఓ కాపలాదారే. పల్లెల్లో గొర్రెల మంద వెంట తిరిగే కుక్కదీ అదే పని. నిర్ణయం మగవారిది, పిల్లల్ని సాకే పని ఆడవారిది! అందుకే ఈ విషయం మనం తెలుసుకోవాలి.

కాపలా మానేస్తుందా?

మన పల్లెల్లో కోడెకు విత్తులు కొట్టించేది ఎందుకు? పనికి పనికిరాకుండా పోవడానికా? కుదురుగా నాగలి లాగడానికే కదా! విదేశాల్లో చూపులేనివారికి దారి చూపే కుక్కల్లో చాలావాటికి ఈ ఆపరేషన్ చేసే పనిలో పెడతారు.

కొత్తవాళ్లను చూసి మొరగడం, తన చోటును కాచుకోవడం జాతి లక్షణాన్ని, పెంపకాన్ని, అలవాటును బట్టి వస్తాయి. ఆపరేషన్‌తో అవి పోవు. మగకుక్కల్లో తగ్గేది ఆడకుక్క వాసన పట్టి గోడ దూకి పోవడం, దాని కోసం కొట్లాడటం. అంటే రాత్రి షెడ్డు వదిలిపోదన్నమాట. అయితే భయంతో కరిచే కుక్క ఆపరేషన్‌తో బాగుపడుతుందనుకోవద్దు. దానికి కావలసింది శిక్షణే. ఆపరేషన్ తర్వాత ఒళ్లు చేసే మాట మాత్రం నిజం. తిండి కాస్త తగ్గిస్తే సరి.

ఏ వయసులో?

అన్ని కుక్కలకూ ఒకే లెక్క పనికిరాదు. మన ఊరకుక్కల్లాంటి తేలికపాటి వాటికి ఆరు నెలలు దాటాక చేయించవచ్చు. అల్సేషియన్, లాబ్రడార్ వంటి పెద్ద జాతులకు తొందర వద్దు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2016లో అల్సేషియన్ల మీద అధ్యయనాలు వెలువరించారు. ఏడాది లోపు ఆపరేషన్ చేసినవాటికి కీళ్ల జబ్బులు ఎక్కువగా వచ్చాయని వాటిలో తేలింది. పరుగెత్తే, గోడలు దూకే కుక్కకు కీళ్లే ప్రాణం. కాబట్టి పశువైద్యుణ్ని అడిగి, ఎముకలు ముదిరాక చేయించడం మేలు.

ఆడకుక్కకు మేలేమిటి?

"ఒక ఈతైనా ఈననివ్వాలి, లేకపోతే జబ్బు చేస్తుంది" అంటారు చాలామంది. ఇది ఉత్త అపోహ. తొలి ఎదకు ముందే ఆపరేషన్ అయితే రొమ్ము గడ్డల భయం బాగా తగ్గుతుంది. వయసు మీరిన కుక్కలకు ఎద అయిపోయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టి, ప్రాణం మీదికి రావచ్చు. తిండి మానేసి నీళ్లు తెగ తాగుతుంటే ఆలస్యం చేయకండి. ఆపరేషన్‌లో గర్భసంచి తీసేస్తారు కనుక ఆ బెడద ఉండదు. పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి మాత్రం తర్వాత మూత్రం అదుపు తప్పవచ్చు. ఈ సంగతీ డాక్టరుతో మాట్లాడుకోండి.

ఎప్పుడు వద్దు?

మందను బాగా కాసే కుక్క సంతతి కావాలనుకునే గొర్రెలకాపరులు ఉంటారు. అది న్యాయమే. కానీ ముందుగా ఒక లెక్క వేసుకోండి. కుక్క చూలు సుమారు 63 రోజులు. పుట్టిన ప్రతి పిల్లకూ ఇల్లు దొరుకుతుందా? లేకపోతే అవి చేరేది వీధుల్లోకే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు ఒక పసివాణ్ని పొట్టన పెట్టుకుంది. ఆ బాబు తండ్రి కూడా కాపలా ఉద్యోగే. ఈ సంగతి మరవకూడదు.

ఆపరేషన్ తర్వాత

డాక్టరు చెప్పినన్ని గంటలు ముందు నుంచే తిండి పెట్టకూడదు. తర్వాత పది నుంచి పద్నాలుగు రోజులు గెంతనివ్వకూడదు, కుట్లు నాకనివ్వకూడదు. సిమెంటు దుమ్ము, ఇనుప రజను, రసాయనాలు పడే షెడ్డు నేల మీద దాన్ని పడుకోబెట్టకండి. మగకుక్కకు ఆపరేషన్ అయినా కొన్ని వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది. అందాకా విడిగా కట్టేయాలి. రేబిస్ టీకా వేయించారా లేదా కూడా చూసుకోండి. ఆపరేషన్ దానికి బదులు కాదు!

గేటు బయట తిరిగే కుక్కల సంగతో? వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేయించి పట్టిన చోటే వదలాలని 2001 నాటి నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది. పెంచుకునే కుక్క బాధ్యత మాత్రం యజమానిదే.

ఇంతకీ మన షెడ్డు కుక్క ఏమైందంటారా? ఎద తగ్గాక ఆపరేషన్ అయింది. పది రోజులు వాచ్‌మన్ గదిలోనే ఉంది. ఈసారి యజమానురాలు పాలకు, గుడ్లకు విడిగా డబ్బులిచ్చారు. చూసుకున్నందుకు వాచ్‌మన్ భార్య చేతిలోనూ కొంత పెట్టారు. ఇప్పుడు రాత్రి గేటు ముందు కొత్త బండి ఆగితే కుక్క మునుపటిలాగే మొరుగుతోంది.

"కండ్ల నిండ నిద్ర పోతున్ననమ్మా" అంటోంది వాచ్‌మన్ భార్య.

మీ షెడ్డులోనూ కుక్క ఉందా? ఆపరేషన్ సంగతి తేల్చేముందు, దాన్ని సాకుతున్న ఆవిడనూ ఒక్క మాట అడగండి.