మల్బరీ కుటుంబంలో గుల్మాలు: డార్‌స్టీనియా ప్రజాతి వృక్షశాస్త్ర లక్షణాలు

మోరేసీ కుటుంబమనగానే కృష్ణా డెల్టా విద్యార్థికి స్ఫురించేవి వృక్షాలే. పెదపారుపూడి, గుడివాడ ప్రాంతంలో కనిపించే రావి, మర్రి, మేడి, పనస ఈ కుటుంబానికి చెందినవే. పాలుకారే చిన్న మొక్క గట్టుమీద కనబడితే అది నానబాలు కోవకు చెందినదని, అనగా యుఫోర్బియేసీ మొక్క అని నిర్ణయించడం పరిపాటి. అయితే పాలు ఒక్కటే ఆధారమైతే ఈ నిర్ణయం నిలువదు. మోరేసీలోనూ పాలుగల గుల్మాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది డార్‌స్టీనియా.

జర్మన్ వృక్షశాస్త్రవేత్త డార్‌స్టెన్ పేర ఏర్పడిన ఈ ప్రజాతిని లిన్నేయస్ 1753లో తన గ్రంథంలో చేర్చాడు. ఇందులో వందకు పైగా జాతులున్నాయి. అత్యధికం ఆఫ్రికా, అమెరికా ఉష్ణమండలాలవి. దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను డార్‌స్టీనియా ఇండికా పెరుగుతుంది. చాలా జాతులు భూగర్భ కొమ్ముతో జీవించే బహువార్షికాలు. కొన్ని రసభరితమైన కాండం గలవి. పత్రాలు ఏకాంతరం, పత్రపుచ్ఛాలు ఉంటాయి.

ప్రజాతికి గుర్తు దాని పుష్పాసనం. మేడిపండును నిలువునా చీల్చి, లోపలి ముఖం పైకి వచ్చేటట్లు పళ్ళెంలా పరచినట్లు ఊహిస్తే డార్‌స్టీనియా పుష్పవిన్యాసం అర్థమవుతుంది. ఆ పళ్ళెంలో ఏకలింగ పుష్పాలు, స్త్రీ పురుష పుష్పాలు రెండూ, పొదిగినట్లుంటాయి. అంచున పుచ్ఛాలు కొన్ని జాతులలో కిరణాలవలె సాగుతాయి. మేడిలో పుష్పాలు మూసిన గదిలో ఉన్నందున ప్రత్యేకమైన కందిరీగ లోపలికి దూరితే తప్ప పరాగసంపర్కం జరగదు. డార్‌స్టీనియాలో ముఖం తెరచే ఉంటుంది.

విత్తన వ్యాప్తి మరింత ఆసక్తికరం. పక్వమైన చిన్న టెంక ఫలంలో చుట్టూ ఉబ్బిన కణజాలం లోపలి టెంకను వేళ్ళ మధ్య చింతగింజను నొక్కినట్లు దూరంగా విసురుతుంది. కుండీలలో పెంచే రసభరిత జాతుల విత్తనాలు పక్క కుండీలలో మొలవడానికి కారణమిదే. యుఫోర్బియాలోనూ కాయ పగిలి విత్తనాలు ఎగురుతాయి గనుక ఇదొక్కటీ భేదక లక్షణం కాదు. నానబాలులో ఆకులు అభిముఖం, సయాథియం నుండి కాడతో బయటికి వేలాడే మూడు గదుల కాయ ఉంటుంది. చేతికటకం చాలు, రెండింటినీ వేరుచేయవచ్చు.

డార్‌స్టీనియా ఇండికా నీడగల తేమ అడవి నేలలకు అలవాటుపడిన మొక్క. వరి తర్వాత మినుము సాగయ్యే ఎండ నేలల్లో అది సహజంగా కనబడే అవకాశం తక్కువ. కాబట్టి డెల్టా కలుపు జాబితాలో ఈ పేరు చేర్చదలచినవారు పుష్పాసనంతో కూడిన నమూనాను ఆరబెట్టి భద్రపరచాలి. ఆకుల ఫోటో మాత్రమే చాలదు.