ఇంట్లో పెట్టే చిన్న వ్యాపారానికి ఏయే కాగితాలు కావాలి?



ఈ సంచికకు ఎవరేం రాయాలని పూర్వ విద్యార్థులం మాట్లాడుకున్నప్పుడు పోటీ పరీక్షల గురించి, ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి రాస్తామన్నవాళ్లు చాలామంది తేలారు. సంతోషమే. కాని మా బ్యాచ్‌లన్నీ కలిపి చూస్తే ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవాళ్లకంటే రానివాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది ఇళ్లు కుట్టు మిషను మీద, పచ్చళ్ల మీద, ట్యూషన్ల మీద, ముందు గదిలో పెట్టుకున్న జిరాక్స్ మిషను మీద నడుస్తున్నాయి. ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న మీలో కొందరి ఇళ్లకూ అమ్మ చేసే అలాంటి పనే ఆధారం. “అన్నా, దీనికి లైసెన్సు కావాలా? ఎవరో వచ్చి అడిగిపోయారు” అని మాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన సంగతుల్నే ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

మేము చూసినంతవరకు జనం రెండు రకాలుగా నష్టపోతున్నారు. “మన ఇల్లు, మన ఇష్టం, కాగితాలెందుకు?” అనుకునేవాళ్లు ఒక రకం. అడిగిన ప్రతి కాగితానికీ భయపడి దళారి చేతిలో రెండు మూడు వేలు పెట్టేవాళ్లు ఇంకో రకం. నిజానికి ఏ కాగితం ఎవరిస్తారో, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలిస్తే సగం భయం పోతుంది.

ముందు ఇంటి సంగతి. పట్టణాలకు మాస్టర్ ప్లాన్ అని ఒక పటం ఉంటుంది. అందులో ఇళ్లుండే ప్రాంతానికి పసుపు రంగు, వ్యాపార ప్రాంతానికి నీలం, పరిశ్రమలకు ఊదా రంగు వేయడం మామూలు. హైదరాబాద్ చుట్టుపక్కల హెచ్‌ఎండీఏ, విశాఖ వైపు వీఎంఆర్‌డీఏ, విజయవాడ, గుంటూరు వైపు సీఆర్‌డీఏ వంటి సంస్థలు ఈ పటాలు తయారు చేస్తాయి. మన ఇల్లు పసుపు రంగులో ఉన్నంత మాత్రాన ఇంట్లో ఏ పనీ చేసుకోకూడదని కాదు. అధికారులు చూసేది ఇల్లు ఇల్లుగానే ఉందా, లేక పని ముందుకొచ్చి సంసారం వెనక్కి పోయిందా అన్నది. ఇంటివాళ్లే చేసుకునే పని, పక్కింటివాళ్లకు చప్పుడు గాని పొగ గాని కంపు గాని పోని పని, వీధిలో బండ్లు ఆపని పని అయితే సాధారణంగా ఎవరికీ అభ్యంతరం ఉండదు. వదిన రెండు మిషన్లు వేసుకుని జాకెట్లు కుట్టడం, మగ్గం వర్క్ చేయడం, పదిమంది పిల్లలకు చదువు చెప్పడం ఈ కోవలోకి వస్తాయి.

అదే వీధిలో పిండి మర పెడితే కథ వేరు. మోటారు చప్పుడు, దుమ్ము, పొద్దున్నుంచి రాత్రిదాకా వచ్చిపోయే జనం. ఇలా మోటారు బిగించి నడిపే పనులకు పల్లెల్లో కూడా పంచాయతీ అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 నాటి చట్టం చూడండి. “ఊళ్లోనే కదా, ఎవడడుగుతాడు” అనుకోవద్దు. పక్కింటివాడితో గెట్టు తగాదా వచ్చిన రోజున వాడే అర్జీ పెడతాడు.

కాలనీ ఇళ్ల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మనవాళ్లలో చాలామందివి అరవై, డెబ్బై గజాల స్థలాలు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్‌–బీపాస్ ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. చాలా మంచి వెసులుబాటు. అయితే అది ఉండటానికి కట్టుకునే ఇంటి కోసం ఇచ్చింది. ముందు గదికి షట్టరు బిగించి కొట్టుగా మారిస్తే అది వేరే లెక్కలోకి పోతుంది. షట్టరు బిగించేముందు మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లను అడగడం మేలు. ఇంటి పట్టా ఎవరి పేరు మీద ఉందో, ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీద వస్తోందో కూడా ఇప్పుడే చూసి పెట్టుకోండి. తాతగారి పేరు మీదే నడుస్తున్న ఇళ్లు మన కాలనీల్లో ఎన్నో ఉన్నాయి. ఏ దరఖాస్తుకైనా మొదట అడిగేది చిరునామా రుజువే. అద్దె ఇంట్లో ఉంటే ఇంటి ఓనరు సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్. జనం వచ్చి కొనుక్కుపోయే షాపు, కర్రీ పాయింటు, బ్యూటీ పార్లరు లాంటివాటికి ఇది కావాలి. హైదరాబాద్‌లో గది విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఫీజు లెక్క కడతారు. గడువు తేదీ చూసి రెన్యువల్ చేయించుకోకపోతే జరిమానా కలుస్తుంది. ఈ లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు, కట్టడానికి అనుమతి వచ్చినట్టూ కాదు. జీతానికి మనిషిని పెట్టుకుంటే కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద నమోదు కూడా అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 చట్టం ప్రకారం మొదలుపెట్టిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమని తోచింది కరెంటు మీటరు. దీని గురించి ఎవరూ చెప్పరు, దెబ్బ మాత్రం గట్టిగా తగులుతుంది.

మన ఇంటి మీటరు గృహ అవసరాల కేటగిరీలో ఉంటుంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల రాయితీ 2019లో వచ్చింది. ఈ మీటరు మీద వ్యాపారం నడిపితే, ఎన్ని యూనిట్లు కాలాయన్నది కాదు, దేనికి వాడారన్నది ప్రశ్న అవుతుంది. వంద వాట్ల చిన్న మోటారున్న కుట్టు మిషను రోజుకు ఎనిమిది గంటలు నడిచినా నెలకు 25 యూనిట్లు దాటదు. అయినా కేటగిరీ తప్పు కేటగిరీ తప్పే. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, ఒక అవసరానికి ఇచ్చిన కరెంటును వేరే అవసరానికి వాడితే, అప్పటినుంచీ లెక్కగట్టి, వర్తించే టారిఫ్‌కు రెండింతలు వసూలు చేస్తారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలూ లెక్కలోకి తీసుకుంటారు. నెలకు 100 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకుని లెక్క వేయండి. 100ను 12తో, 8తో, మళ్లీ 2తో హెచ్చిస్తే 19,200 రూపాయలు. కర్రీ పాయింటు పెట్టిన ఇంటికి ఇది రెండు నెలల సంపాదన కావచ్చు.

అలాంటి నోటీసు వస్తే కంగారు పడి ఎవరి చేతిలోనో డబ్బు పెట్టకండి. మొదట వచ్చేది తాత్కాలిక అంచనా మాత్రమే. దానిమీద అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పుకునే హక్కు ఆ సెక్షన్‌లోనే ఉంది. మన మాట విన్న తర్వాతే తుది ఆర్డరు ఇవ్వాలి. అదీ నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. దానికి అంచనా వేసిన మొత్తంలో సగం కట్టాల్సి ఉంటుంది, అందుకే మొదటి జవాబే గట్టిగా రాయాలి. అసలు ఇక్కడిదాకా రాకుండా ఉండాలంటే, వ్యాపారం మొదలుపెట్టేముందే సెక్షన్ ఆఫీసులో ఏఈ గారికి అర్జీ ఇచ్చి, ఏ కేటగిరీ వర్తిస్తుందో అడిగి, వ్యాపారానికి వేరే మీటరు తీసుకోవడమే దారి. కుటీర పరిశ్రమ కేటగిరీ వర్తిస్తే వాణిజ్య కేటగిరీ కంటే భారం తగ్గుతుంది కనుక ఆ మాట మనమే అడగాలి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరవకండి.

తిండి పదార్థాల వ్యాపారానికి పైవాటితోపాటు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. పచ్చళ్లు, కారప్పొడులు, అరిసెలు, సకినాలు, టిఫిన్లు, ఇంట్లో వండి పంపే క్యారేజీలు, ఏదైనా సరే. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్నవాళ్లకు పెద్ద లైసెన్సు బదులు నమోదు చాలని, ఫీజు ఏడాదికి 100 రూపాయలని పెట్టాయి. పరిమితులు, ఫీజులు సవరిస్తుంటారు కాబట్టి కట్టేరోజున పోర్టల్‌లో చూసి కట్టండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే ఫాస్కాస్ అనే పోర్టల్‌లో చేసుకోవచ్చు. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా ఉంటే సరిపోతుంది. అవే నిబంధనల ప్రకారం ఏడు రోజుల్లో నమోదు ఇవ్వాలి, లేదా కారణం చెప్పి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని చెప్పాలి. ఇవేవీ చేయకుండా ఊరుకుంటే చిన్న ఉత్పత్తిదారు పని మొదలుపెట్టుకోవచ్చని కూడా అందులో ఉంది. వంద రూపాయల పనికి దళారి రెండు వేలు అడుగుతుంటే ఇవ్వడం దేనికి?

నమోదైతే 14 అంకెల నంబరు వస్తుంది. సీసా మీద, ప్యాకెట్ మీద ఆ నంబరుతోపాటు పదార్థం పేరు, అందులో ఏమేం కలిపారో, బరువు, ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, తయారుచేసినవారి పేరు, చిరునామా ఉండాలి.

ఈ చిరునామా దగ్గరే మనవాళ్లు ఆగిపోతుంటారు. “కాలనీ పేరు వేస్తే ఎవరు కొంటారన్నా?” అని అడిగినవాళ్లున్నారు. వేరే వీధిలోని స్నేహితుడి ఇంటి నంబరు వేసుకుందామని చూసినవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయవద్దని మా సలహా. తనిఖీకి వచ్చేది కాగితంలో రాసిన ఇంటికే. అక్కడ పొయ్యి లేకపోతే నమోదు పోతుంది, తప్పుడు సమాచారం ఇచ్చిన మాట మన మీద పడుతుంది. కులం చూసి కొనడం మానేసేవాళ్లు లేరని మేము అనం, హాస్టల్ నుంచి వచ్చిన మనకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాని రచయిత చంద్రభాన్ ప్రసాద్ 2016లో ‘దళిత్ ఫుడ్స్’ అని పేరే అలా పెట్టి మసాలాలు, పచ్చళ్లు అమ్మకానికి తెచ్చారు. దాచుకోకుండా అమ్మవచ్చని అనుకున్న మనిషి ఒకరున్నారని తెలియడం మంచిదే.

కొనకపోవడం ఒకటి, అమ్మనివ్వకపోవడం ఇంకొకటి. “ఈ వీధిలో మీరు టిఫిన్ సెంటరు పెట్టడానికి వీల్లేదు” అని కులం పేరుతో అడ్డుకుంటే, పదిమందిని పోగేసి వాళ్ల దగ్గర కొనకూడదని కట్టుబాటు పెడితే, అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015లో చేసిన సవరణలో వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకోవడాన్నీ, సాంఘిక, ఆర్థిక బహిష్కరణనూ స్పష్టంగా చేర్చారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అలాంటి సందర్భంలో కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ల ఫిర్యాదుకు బలం ఎక్కువ. లేకపోతే “అసలు వీళ్లకు లైసెన్సే లేదు సార్” అని ఎదుటివాళ్లు మాట తిప్పేస్తారు.

ఉద్యమ్ నమోదు గురించి కూడా చాలామంది పొరబడుతున్నారు. 2020 జూలై 1 నుంచి వచ్చిన ఈ నమోదు ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. బ్యాంకు రుణానికి, రాయితీలకు, టెండర్లకు ఉపయోగపడుతుంది. అంతేగాని అది వ్యాపారం నడుపుకోవడానికి అనుమతి కాదు. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించి “నాకు గవర్నమెంటు లైసెన్సుంది” అంటే మున్సిపాలిటీవాళ్లు ఒప్పుకోరు. జీఎస్‌టీ చాలామందికి వర్తించదు. సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాల పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు.

ఇన్ని ఆఫీసులు ఎవరు తిరుగుతారు అనిపించవచ్చు. చాలా దరఖాస్తులు మీసేవలోనో, ఆన్‌లైన్‌లోనో అయిపోతాయి. ఎక్కడైనా అర్జీ తీసుకుని జవాబివ్వకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద “నా అర్జీ ఎంతవరకు వచ్చింది?” అని ఒక కాగితం పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కట్టిన ప్రతి ఫీజుకూ రసీదు అడగండి. రసీదు ఇవ్వని డబ్బు ఫీజు కాదు.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పూర్వ విద్యార్థులం కొందరం డైనింగ్ హాల్లోనే కూర్చుంటాం. ఇంట్లో పని చేసుకుంటున్న అమ్మానాన్నల్ని, అక్కల్ని తీసుకురండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్ జిరాక్స్, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో వెంట తెచ్చుకుంటే, నమోదులు అక్కడే ఫోనులో చేసిపెడతాం. కరెంటు ఆఫీసుకు ఇవ్వాల్సిన అర్జీ నమూనాలు కూడా రాసి ఉంచుతాం.