తీగ గుంజితే గోడ ఊడింది!

కరీంనగర్‌లో మా ఇంటి పడమటి గోడ రంగేంటో మేమే మర్చిపోయాం. ఏడేళ్ల కింద అమ్మ నర్సరీ నుంచి తెచ్చి నాటిన గోడతీగ పిట్టగోడ దాకా పాకి మొత్తం కప్పేసింది. ఇంటికొచ్చిన చుట్టాలంతా దాని ముందు సెల్ఫీ దిగేవాళ్లు. నా వాట్సాప్ డీపీ కూడా చాలాకాలం అదే.

కిందటేడు వానలకు ఆ గోడ లోపలివైపు చెమ్మ పట్టింది. అది బాపు పడుకునే గది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, ఊపిరి సమస్య ఉంది. చెమ్మ వాసనకు దగ్గు ఎక్కువైంది.

"తీగ తీసెయ్ బిడ్డా" అన్నాడు బాపు.

"తీస్తే ఎండకాలం గా గదిల పండుకుంటవా?" అంది అమ్మ.

ఇద్దరి మాటా నిజమే. మా దగ్గర మే నెల ఎండంటే ఏంటో మీకు తెలుసు. మధ్యాహ్నం నుంచి సూర్యుడు నేరుగా కొట్టే గోడ అది.

దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నిచ్చెన వేసి తీగ గుంజడం మొదలుపెట్టాను. తీగతో పాటు గిలాబు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. తెల్లటి పాలు చేతికంటి దురద. గంటలో గోడకు నాలుగు పెద్ద మచ్చలు.

గోడ చూడ్డానికి వచ్చిన సుతారి నవ్వాడు. "పచ్చిగున్నప్పుడు గుంజుతరా సారూ? మొదట్ల కోసి ఎండనియ్యాలె."

అప్పుడు కూర్చొని చదివాను. ఈ తీగ పేరు ఫైకస్ పుమిలా. తూర్పు ఆసియా నుంచి వచ్చింది. మర్రి, రావి, మేడి దీని చుట్టాలే, అందుకే ఆ పాలు. బీర తీగ నులితీగలతో ఏదైనా చుట్టుకొని పైకెక్కుతుంది. ఇది అలా కాదు, కాడ నుంచి పుట్టే చిన్న వేర్లతో గోడకే అతుక్కుంటుంది. చార్లెస్ డార్విన్ కూడా దీన్ని గమనించాడు. పాకే మొక్కల మీద 1875లో వచ్చిన తన పుస్తకంలో, దీని వేర్లు జిగట చుక్కల్ని వదులుతాయని రాశాడు. మరి గిలాబు ఊడదా!

రెండోసారి పద్ధతిగా చేశాం. చేతులకు గ్లౌజులు వేసుకొని, నేల దగ్గర కాడలన్నీ కోసేశాం. మొదలు తవ్వి వేర్లు తీసేశాం. మూడు వారాలు వదిలేస్తే ఆకులు ఎండి, పట్టు సడలింది. తర్వాత పైనుంచి కిందికి కొద్దికొద్దిగా తీశాం. అంటుకున్న వేర్ల గుర్తుల్ని తడిపి బ్రష్షుతో రుద్దాం.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. పిట్టగోడ కింద, వాననీళ్ల పైపు పక్కన, ఒక పగులు. అందులో జానెడు రావి మొక్క! పిట్టలు పండ్లు తిని రెట్ట వేస్తే, ఆ గింజ పగులులో మొలుస్తుంది. వేరు లావయ్యే కొద్దీ పగులు పెద్దదవుతుంది. నీళ్లు గదిలోకి దిగింది అక్కడి నుంచే. తీగ చేసిన తప్పేంటంటే, ఆ పగులును మాకు కనపడకుండా దాచడం.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఐవీ తీగ పాకిన గోడల్ని పరిశీలించి చెప్పిందీ ఇంచుమించు ఇదే. గోడ గట్టిగా ఉంటే తీగ ఎండకు, చలికి అడ్డుగా కాపాడుతుంది. పగుళ్లుంటే మాత్రం వేర్లు అందులో దూరి చెడగొడతాయి.

రావి మొక్కను పారేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. జాగ్రత్తగా వేరుతో తీసి, ఊరి బయట గుడి దగ్గర ఖాళీ జాగలో నాటి వచ్చింది. సుతారి పగులును వెడల్పుగా చెక్కి, కడిగి, సిమెంటు మాలుతో నింపాడు. వారం రోజులు నీళ్లు కొట్టాం. తర్వాత లప్పం, రంగు. మీది డంగు సున్నంతో కట్టిన పాత ఇల్లయితే సిమెంటు పూయకండి. చెమ్మను బయటికి పోనివ్వదు. సున్నమే వాడాలి.

మరి ఎండ? గోడకు అడుగు దూరంలో ఇనుప జాలీ నిలబెట్టి రాధామనోహరం పాకించాం. దీనికి గోడకు అతుక్కునే వేర్లుండవు. జాలీని పట్టుకొని ఎక్కుతుంది. మధ్యలో గాలి ఆడుతుంది, గోడ కనబడుతుంది. మొదటి ఎండకాలం నీడ సగమే వచ్చింది. బాపు కూలర్ పెట్టుకొని సర్దుకున్నాడు.

మొన్న గట్టి వాన పడ్డప్పుడు హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేశాను. "గోడ ముట్టి చూడు బాపూ" అన్నాను.

అరచేయి ఆనించి చూశాడు. "పొడిగున్నది బిడ్డా."

దగ్గకుండా చెప్పాడు.