చర్మపు ముక్కలో దొరికే సాక్ష్యం

పాలిపోయిన మచ్చ మామూలు శోభియా, కుష్ఠువా అన్నది కంటిచూపుతో తేలనప్పుడు, అక్కడ మత్తు సూది వేసి, సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రని పంచ్ పరికరంతో చర్మాన్ని కొవ్వు పొర దాకా తీసి పరీక్షించడాన్ని స్కిన్ బయాప్సీ అంటారు. ఆ ముక్కను, కణాలు చెడకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన కుష్ఠు క్రిములు ఫైట్ అనే ప్రత్యేక రంగుపద్ధతిలో ఎర్రని కడ్డీల్లా కనిపిస్తాయి. అయితే ఆ క్రిమిపై నిరోధకశక్తి బలంగా ఉన్న రోగుల్లో అవి దాదాపు కనబడవు గనుక, గ్రాన్యులోమాలనే రక్షణకణాల గుంపులు చర్మంలోని సన్నని నరాలను ధ్వంసం చేసిన తీరే అక్కడ గట్టి సాక్ష్యం. ఇలా నరాలు దెబ్బతింటే స్పర్శ పోతుంది గనుక, స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే వెంటనే వైద్యుణ్ణి కలవాలి. కుష్ఠువు మందులతో పూర్తిగా నయమవుతుంది.